పొరుగువారి పటంతో మన పటం అతకాలంటే: రిమోట్ సెన్సింగ్‌లో ప్రాంతీయ సహకారానికి పని పద్ధతి

రెండు పొరుగు దేశాలు రిమోట్ సెన్సింగ్‌తో, అంటే ఉపగ్రహ చిత్రాల నుంచి, ఎవరికి వారు వేసుకున్న భూ ఆవరణ పటాలను (నేల మీద అడవి, పైరు, నీరు ఎక్కడున్నాయో చూపేవి) పక్కపక్కన పెట్టి చూడండి. సరిహద్దు గీతను తుడిచేసినా అది ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. ఇవతల ముదురాకుపచ్చ, అవతల పసుపు. ఇవతల అడవి, అవతల పొదలు. నేల మీద మాత్రం అదే కొండ, అవే చెట్లు. చిత్రం తీసిన ఉపగ్రహం కూడా ఒక్కటే. తేడా వచ్చిందల్లా రెండు బృందాల లెక్కల్లోనే.

ప్రాంతీయ సహకారం అనగానే ఉమ్మడి పోర్టల్, అవగాహన ఒప్పందం, సంయుక్త సంఘం గుర్తొస్తాయి. అవి తర్వాత. ముందు తేలాల్సింది ఒక్కటే: సరిహద్దు దగ్గర అతుకు కనబడకుండా ఒక్క పటమైనా కలిసి వేయగలమా? కింద చెప్పే మెట్లన్నీ ఆ పరీక్ష చుట్టూ అమర్చినవే.

ఒక్క ప్రశ్న పట్టుకోండి

"ప్రాంతీయ జియోస్పేషియల్ సమాచార వ్యవస్థ" అనేది ప్రశ్న కాదు. "ఈ నదీ పరీవాహక ప్రాంతంలో గత వానాకాలం ఎన్ని హెక్టార్లు, ఎన్ని రోజులు నీట మునిగాయి?" అన్నది ప్రశ్న. మంచి ప్రశ్నకు మూడు గుర్తులుంటాయి. జవాబు అందరు భాగస్వాములకూ అవసరం కావాలి. ఉచితంగా దొరికే చిత్రాలతో చెప్పగలిగేదై ఉండాలి. జవాబు ఫలానా నెలకల్లా కావాలని అడిగే అధికారి ఒకరు నిజంగా ఉండాలి. ఈ మూడోది లేని ప్రాజెక్టులు నివేదికతోనే ఆగిపోతాయి.

పరిధిని పాలనా సరిహద్దులతో కాక పరీవాహక ప్రాంతంతో గీయండి. నీళ్లు, పొగ, మిడతలు గీతలు చూసి ఆగవు, అది ఒక కారణం. ఇంకో కారణం మరీ లౌకికమైనది: వివాదంలో ఉన్న సరిహద్దును పటం మీద ఎలా చూపాలన్న చర్చలోకి దిగితే మొదటి ఏడాది అందులోనే గడిచిపోతుంది. సాంకేతిక పొరల్లో పాలనా సరిహద్దులే పెట్టకండి. ఎవరి నివేదికలో వారు తమ అధికారిక గీతను వేసుకుంటారు. పటం అడుగున "ఇందులోని గీతలు ఏ ప్రాంతపు చట్టబద్ధ స్థితినీ సూచించవు" అని ఒక వాక్యం చాలు.

మొదటి విడతకు ఒక ఉపపరీవాహక ప్రాంతం, ఒక రుతువు, ఒకే పటం, ఆరు నెలల గడువు. ఇంతకు మించి తలకెత్తుకోకండి.

మనుషులు, కాగితాలు

మూడు నుంచి ఐదు సంస్థలతో మొదలుపెట్టండి. ప్రతి సంస్థ నుంచీ ఇద్దరు ఉండాలి, ఒక్కరైతే బదిలీ అయిన రోజున ఆ దేశమంతా జట్టులోంచి జారిపోతుంది. ఈ ఇద్దరూ స్వయంగా చిత్రాలతో పనిచేసేవారై ఉండాలి. పై అధికారుల సంఘం వేరే ఉండవచ్చు, ఆరు నెలలకోసారి కలిస్తే చాలు. సాంకేతిక బృందం మాత్రం రెండు వారాలకోసారి 45 నిమిషాలు మాట్లాడుకోవాలి, ప్రతిసారీ తెర మీద పటం తెరిచి ఉండాలి. అందరి డేటానూ సరిచూసే డేటా బాధ్యుడు ఒకరే ఉండాలి. ఈ పని ఏడాదికొక సంస్థ చొప్పున వంతులవారీగా మారితే పెత్తనం గొడవ రాదు.

ప్రభుత్వాల మధ్య ఒప్పందం కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. మెకాంగ్ నదీ సంఘాన్నే చూడండి. కంబోడియా, లావోస్, థాయిలాండ్, వియత్నాం 1995లో ఒప్పందం మీద సంతకాలు చేశాయి, డేటా ఇచ్చిపుచ్చుకునే విధివిధానాలు 2001లో గానీ ఖరారు కాలేదు. ఒకే నది మీద బతికే దేశాలకే అన్నేళ్లు పట్టింది. అయితే అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి ఉచితం, యూరప్ సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలు మొదటి నుంచీ ఉచితమే. వీటితో మొదలుపెట్టే పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అనుమతి అవసరమయ్యేది నదీ మట్టాల రికార్డులు, వైమానిక చిత్రాలు, భూమి రికార్డులు వంటి వాటికి. వాటిని రెండో విడతకు వదిలేయండి.

అప్పటివరకు సంస్థల మధ్య రెండు పేజీల ఉత్తరం చాలు. ఎవరు ఏ డేటా ఇస్తారు, ఏ లైసెన్సు కింద, తప్పు దొరికితే ఎవరు ఎన్ని రోజుల్లో సరిదిద్దాలి, ఫలితం బయట పెట్టేముందు ఎవరికి ఎన్ని రోజుల గడువు ఇవ్వాలి, పేర్లు ఏ వరుసలో వేయాలి అన్నవి అందులో ఉండాలి. ఈ చివరి రెండే తర్వాత ఎక్కువ తగాదాలు తెస్తాయి. గడువును 15 రోజులని రాసి, "ఆలోగా జవాబు రాకపోతే సమ్మతించినట్టే" అనే మాట తప్పక చేర్చండి. లైసెన్సుకు మాత్రం ఒక హెచ్చరిక: ఒక భాగస్వామి డబ్బుపెట్టి కొన్న వాణిజ్య చిత్రాలను మిగతావారికి పంచితే అమ్మిన సంస్థ షరతులు ఉల్లంఘించినట్టవుతుంది. చాలా ఒప్పందాల్లో చిత్రాన్ని పంచుకోకూడదు గానీ దాని నుంచి తీసిన పటాన్ని పంచుకోవచ్చు. కొనేముందే ఆ షరతు చదవండి, వీలైతే భాగస్వాములందరి పేర్లూ లైసెన్సులో రాయించండి.

గడి, కొలమానం, తేదీ

పటాలు అతకకపోవడానికి సగం కారణాలు ఇక్కడే ఉంటాయి. ఇవన్నీ ఒక పేజీ మీద రాసుకుని, అందరూ ఒప్పుకున్నాకే చిత్రాలు తెరవాలి.

ప్రొజెక్షన్ (గుండ్రని భూమిని చదును పటం మీద పరిచే పద్ధతి) సంగతి ముందు. సెంటినెల్-2 చిత్రాలు సుమారు 110 కిలోమీటర్ల భుజంతో పలకలుగా, యూటీఎమ్ (భూమిని నిలువు పట్టీలుగా కోసే ప్రొజెక్షన్) మండలాల్లో వస్తాయి. మండలం 6 రేఖాంశ డిగ్రీలకోసారి మారుతుంది. మీ ప్రాంతం మధ్యలోంచి మండలపు హద్దు పోతుంటే రెండు పక్కలా గడుల (చిత్రంలోని పిక్సెళ్ల) వరుసలు వేర్వేరు కోణాల్లో ఉంటాయి, నేరుగా కలపలేరు. అలాంటప్పుడు ప్రాంతమంతటికీ ఒకే సమ వైశాల్య ప్రొజెక్షన్ ఎంచుకోండి. యూరప్ భూ ఆవరణ పటమైన కోరిన్‌కు లాంబర్ట్ సమ వైశాల్య ప్రొజెక్షన్ వాడేది ఇందుకే. ఆన్‌లైన్ పటాలు వాడే వెబ్ మర్కేటర్ ప్రొజెక్షన్‌లో వైశాల్యాలు ఎప్పుడూ లెక్కకట్టకండి. అది తెర మీద చూసుకోవడానికి బాగుంటుంది గానీ, 20 డిగ్రీల అక్షాంశం దగ్గర వైశాల్యాన్ని దాదాపు 13 శాతం, 30 డిగ్రీల దగ్గర 33 శాతం, 60 డిగ్రీల దగ్గర నాలుగు రెట్లు పెంచి చూపిస్తుంది.

ప్రొజెక్షన్ ఒకటే అయినా గడులు మొదలయ్యే మూల బిందువు ఒకటి కాకపోవచ్చు. ల్యాండ్‌శాట్‌లో 30 మీటర్ల గుణిజాల మీద పిక్సెల్ మధ్య బిందువు ఉంటుంది, సెంటినెల్-2లో గుణిజాల మీద పిక్సెల్ మూల ఉంటుంది. అంటే ఒకదాని మీద ఒకటి పెడితే సగం పిక్సెల్, 15 మీటర్లు, పక్కకు జరిగి ఉంటాయి. పెద్ద అడవిలో ఇది తెలియదు. చిన్న కమతాలు, సన్నని కాలువలు ఉన్నచోట అంచులన్నీ "మార్పు"గా కనిపిస్తాయి. పిక్సెల్ పరిమాణంతో పాటు మూల బిందువు నిరూపకాలను కూడా ఆ పేజీ మీద రాయాలి. ఖాళీ పిక్సెళ్లతో ఒక నమూనా ఫైలు తయారుచేసి అందరికీ పంపితే ఇంకా మేలు. ఎవరి ఫలితమైనా దాని గడుల మీదే కూర్చోవాలి.

పాత స్థలాకృతి పటాల నుంచి గీసిన పొరలు ఉంటే డేటమ్ (నిరూపకాలు లెక్కించే మూల ఆధారం) చూసుకోండి. దక్షిణాసియాలో పాత పటాలు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారపు పాత నమూనా) మీద వేసినవి. వాటిని మార్పిడి చేయకుండా జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనుకుని తెరిస్తే ఊళ్లు, చెరువులు వందల మీటర్లు జరుగుతాయి. ఎత్తుల్లోనూ ఇదే చిక్కు: నేల ఎత్తుల పటాల్లో ఎస్‌ఆర్‌టీఎమ్ ఎత్తులు ఈజీఎమ్ 96 జియాయిడ్ (సగటు సముద్రమట్టపు నమూనా) మీద, కోపర్నికస్ డీఈఎమ్ ఎత్తులు ఈజీఎమ్ 2008 అనే వేరే జియాయిడ్ మీద లెక్కించినవి. సరిహద్దుకు ఒక పక్క అది, మరో పక్క ఇది వాడి ముంపు నమూనా నడిపితే గీత వెంబడి లేని మెట్టు ఒకటి పుడుతుంది.

పిక్సెల్ విలువల విషయంలో ఒక ఉచ్చును దగ్గరగా చూద్దాం. సెంటినెల్-2లో ప్రతిఫలనాన్ని (నేల వెనక్కి పంపే వెలుగు వాటాను) 10,000తో గుణించి నిల్వ చేస్తారు. 2022 జనవరి 25 నుంచి అమలైన 04.00 ప్రాసెసింగ్ బేస్‌లైన్‌లో (చిత్రాలను తయారుచేసే పద్ధతి సంచికలో) ప్రతి విలువకూ అదనంగా 1,000 కలిపి ఉంటుంది, వాడేముందు దాన్ని తీసేయాలి. ఒక చేనులో ఎరుపు బ్యాండు అసలు విలువ 400, నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని వెలుగు) 3,000 అనుకోండి. పచ్చదనపు సూచిక ఎన్‌డీవీఐ అంటే ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగించడం: 2,600ను 3,400తో భాగిస్తే 0.76. ఆ వెయ్యిని తీయడం మరిచిన బృందానికి అవే విలువలు 1,400, 4,000గా కనబడతాయి. 2,600ను 5,400తో భాగిస్తే 0.48. ఏపుగా ఎదిగిన పైరు ఎండిపోతున్న పైరులా కనిపిస్తుంది. ఒక దేశపు బృందం దిద్దిన డేటా, మరో దేశపు బృందం దిద్దని డేటా వాడితే సరిహద్దు వెంబడి కరువు గీత పుట్టుకొస్తుంది. కొన్ని క్లౌడ్ వేదికలు ఈ దిద్దుబాటును ముందే చేసి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. కాబట్టి ఏ వేదిక నుంచి, ఏ సేకరణ నుంచి తీసుకున్నారో రాసుకోవడం తప్పనిసరి.

మిగిలినవి త్వరగా. డేటా లేని చోటుకు ఒకే విలువ పెట్టండి, సున్నా మాత్రం వద్దు, సున్నా నిజమైన విలువ కావచ్చు. తేదీలు సంవత్సరం-నెల-రోజు వరుసలో, సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో). బిందువుల జాబితాల్లో ఏది అక్షాంశమో ఏది రేఖాంశమో నిలువు వరుస శీర్షికలోనే రాయండి, ఇవి తారుమారైతే బిందువులు సముద్రంలో తేలతాయి. దశాంశానికి కామా వాడే దేశం జట్టులో ఉంటే సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసే) ఫైళ్లు తెరిచినప్పుడల్లా ఆ సంగతి గుర్తుంచుకోండి. గీతలు, బహుభుజులు షేప్‌ఫైల్ అనే ఫైలు రకంలో కాక జియోప్యాకేజీ అనే రకంలో పంపండి. షేప్‌ఫైల్‌లో నిలువు వరుస పేరు 10 అక్షరాలు దాటదు, ప్రాంతీయ లిపుల్లో రాసిన ఊరి పేర్లు చెడిపోతాయి, నాలుగైదు ఫైళ్లలో ఒకటి జారిపోతే ప్రొజెక్షన్ పోతుంది. రీశాంప్లింగ్‌లో (పటాన్ని వేరే గడుల మీదికి మార్చేటప్పుడు) తరగతుల పటాలకు సమీప పిక్సెల్ పద్ధతే వాడాలి. 1 అంటే అడవి, 3 అంటే నీరు అయినప్పుడు సగటు తీస్తే అంచులో 2 వస్తుంది, ఆ 2 పైరుకు పెట్టిన సంఖ్య అయి కూర్చుంటుంది.

మబ్బుల తొలగింపు కూడా ఒప్పుకునే మాటే. సెంటినెల్-2 లెవెల్-2ఏతో (వాతావరణ ప్రభావాన్ని దిద్దిన చిత్రాలతో) వచ్చే దృశ్య వర్గీకరణ పొరలో 3 మబ్బు నీడ, 8, 9 మబ్బులు, 10 పలుచని సిర్రస్ (ఎత్తున ఉండే మబ్బు). ఈ నాలుగింటినీ తీసేస్తామని రాసుకోండి. ఆ పొర తెల్లని ఇసుకను, మెరిసే పైకప్పులను కూడా మబ్బనుకోవడం మామూలే, అందువల్ల నదీ తీరపు ఇసుక మేటల దగ్గర చేత్తో సరిచూడాలి. అనేక తేదీల నుంచి మధ్యస్థ చిత్రం (ప్రతి పిక్సెల్‌కూ నడిమి విలువ తీసుకున్నది) కూర్చేటప్పుడు కాల వ్యవధి రోజులతో సహా ఒకటే ఉండాలి. ఒకరు అక్టోబరు నెలంతా, మరొకరు అక్టోబరు 15 నుంచి నవంబరు 15 వరకు తీసుకుంటే మధ్యలో కోతలు పడి పటం మారిపోతుంది.

"అడవి" అంటే ఏమిటి?

ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్కలో 0.5 హెక్టారుకు మించిన నేల, 5 మీటర్లకు మించి పెరిగే చెట్లు, 10 శాతానికి మించిన చెట్ల పైకప్పు (కొమ్మలు, ఆకులు కప్పిన నేల వాటా) ఉంటే అడవి, వ్యవసాయ తోటలు మినహా. భారత అటవీ సర్వేకు ఒక హెక్టారు, 10 శాతం పైకప్పు చాలు, యాజమాన్యం ఎవరిదైనా, తోటలైనా లెక్కలోకి వస్తాయి. వాతావరణ మార్పుపై క్యోటో ఒడంబడిక నియమాల కింద అయితే దేశాలు పైకప్పును 10 నుంచి 30 శాతం మధ్య, ఎత్తును 2 నుంచి 5 మీటర్ల మధ్య ఎంచుకోవచ్చు. అంటే ఒకే తోపును ఒకరు అడవి అని, మరొకరు కాదని రాసినా ఇద్దరిదీ ఒప్పే.

ఎవరి నిర్వచనాన్నీ వదులుకోమని అడగకండి. వదలరు, చట్టం ఒప్పుకోదు కూడా. దానికి బదులు పేర్లకు ముందు కొలతలు సేకరించండి: చెట్ల పైకప్పు శాతం, ఎత్తు, ఏడాదిలో నీరు నిలిచే నెలలు, సాగు ఉందా లేదా, నాటినదా సహజమా. ప్రతి పిక్సెల్‌కూ, ప్రతి పరిశీలన బిందువుకూ ఈ ఐదూ ఉంటే ఎవరి నిర్వచనం ప్రకారమైనా పటాన్ని తిరిగి కట్టుకోవచ్చు. ఉమ్మడి పటానికి 8 నుంచి 12 తరగతులు చాలు. కోరిన్‌లో 44 తరగతులున్నాయి, కానీ ఆ కార్యక్రమం 1985లో మొదలైంది, పని దేశాల బృందాలే చేసినా అందరూ ఒకే నియమావళి పాటిస్తారు, కేంద్ర బృందం వచ్చి తనిఖీ చేస్తుంది. కనీస పటం ముక్క (పటంలో విడిగా చూపే అతిచిన్న స్థలం) 25 హెక్టార్లు, కనీస వెడల్పు 100 మీటర్లు అనే రెండు అంకెలే ఎన్నో వాదాలను ముందే ఆపేశాయి. మీరూ కనీస ముక్కను మొదటి రోజే తేల్చుకోండి.

ఉమ్మడి పట్టీ

ఈ వ్యవహారమంతటికీ గుండెకాయ ఇదే. సరిహద్దుకు రెండు పక్కలా చెరి 10 కిలోమీటర్లు, మొత్తం 20 కిలోమీటర్ల వెడల్పున ఒక పట్టీ తీసుకోండి. దీన్ని రెండు బృందాలూ వేర్వేరుగా, ఒకరి ఫలితం మరొకరు చూడకుండా వర్గీకరించాలి. తర్వాత రెండు పటాలనూ పిక్సెల్‌కు పిక్సెల్ పోల్చి తరగతుల పట్టిక వేయండి. ఒప్పుదల 90 శాతం దాటేదాకా ప్రాంతమంతా వర్గీకరించే పని మొదలుపెట్టకండి. ఈ 90 శాస్త్రం చెప్పిన అంకె కాదు, పని నడిచే అంకె. మీ తరగతులు కష్టమైనవైతే 85తో సరిపెట్టుకోవచ్చు.

ఒప్పుదల శాతం కన్నా తేడాలు ఎక్కడ పడ్డాయన్నది ఎక్కువ చెబుతుంది. ఒక పటాన్ని ఒక పిక్సెల్ పక్కకు జరిపితే ఒప్పుదల పెరిగిందా? అయితే తప్పు మూల బిందువుది. తేడా అంతా ఒకే రెండు తరగతుల మధ్య ఉందా? అది నిర్వచనం గొడవ, అల్గారిథమ్ మార్చినా పోదు. కొండల ఉత్తర వాలుల మీదే ఉందా? ఉత్తరార్ధగోళంలో అక్కడ నీడ పడుతుంది, ఒకరు భూతల దిద్దుబాటు (వాలు వల్ల మారే వెలుగును సరిచేయడం) చేసి మరొకరు చేయలేదన్నమాట. చేల ఆకారంలో మచ్చలు మచ్చలుగా ఉందా? తేదీలు కలవలేదు. పలక అంచున నిట్టనిలువుగా కోసినట్టు ఉంటే మబ్బు ముసుగును గానీ, ఇందాకటి వెయ్యిని గానీ అనుమానించండి.

పట్టీ మీద రాజీలు చేయకండి. అంచులను మెత్తగా కలిపి అతుకును దాచే ఉపకరణాలు ఎన్నో ఉన్నాయి. పటం అందంగా వస్తుంది, తప్పు లోపలే ఉండిపోతుంది.

కచ్చితత్వం లెక్క

పటం ఎంత సరైనదో చూసే పరిశీలన బిందువులను ప్రతి దేశం తనకు తోచినట్టు ఎంచుకుంటే అన్నీ రోడ్ల పక్కనే పడతాయి. డేటా బాధ్యుడు ఒక్కరే, పటంలోని తరగతుల వారీగా యాదృచ్ఛికంగా బిందువులు తీసి అందరికీ పంచాలి. మొత్తం కచ్చితత్వం 85 శాతం ఉండవచ్చని అంచనా వేసి, ప్రామాణిక దోషం (నమూనా వల్ల వచ్చే అనిశ్చితి కొలత) 1.5 శాతంలో ఉంచాలంటే 0.85ను 0.15తో గుణించి, 0.015 వర్గంతో భాగించాలి: దాదాపు 567 బిందువులు. అరుదైన తరగతికి ఎంత చిన్నదైనా కనీసం 50 ఇవ్వండి.

చిత్రాలు చూసి బిందువులకు పేరు పెట్టే పనిలో ప్రతి బిందువునూ ఇద్దరు చూడాలి, ఒకరు ఇటువైపు బృందం, ఒకరు అటువైపు. ఇద్దరూ పటం ఏం చెప్పిందో చూడకూడదు. విభేదిస్తే మూడో మనిషి తేలుస్తారు. పనికి ముందు అందరికీ ఒకే 50 బిందువులు ఇచ్చి జవాబులు సరిపోల్చి, తేడా వచ్చిన ప్రతిదాని మీదా మాట్లాడుకోవాలి. ఎఫ్‌ఏఓ తోడ్పాటుతో తయారైన కలెక్ట్ ఎర్త్ ఆన్‌లైన్ అనే వెబ్ ఉపకరణం ఈ పనికి ఉచితంగా దొరుకుతుంది. పొలంలోకి వెళ్లేవారు చుట్టూ ఒకే రకం ఆవరణ ఉన్న చోట నిలబడాలి, 10 మీటర్ల చిత్రాలకు కనీసం 30 మీటర్ల చదరం, ల్యాండ్‌శాట్‌కు 90 మీటర్ల చదరం. ఫోను జీపీఎస్ స్థిరపడేదాకా ఆగి, నాలుగు దిక్కులా ఫొటోలు తీసి, తేదీ రాయాలి. రైతుల పేర్లు, ఫోను నంబర్లు ఉమ్మడి ఫైల్లోకి రాకూడదు.

ఇక వైశాల్యం. పిక్సెళ్లు లెక్కపెట్టి హెక్టార్లు ప్రకటించకండి. 10 లక్షల హెక్టార్ల ప్రాంతంలో పటం 2 లక్షలు అడవి అందనుకుందాం. అడవి అన్నచోట 200 బిందువులు చూస్తే 180 నిజంగా అడవి. అడవి కాదన్నచోట 400 చూస్తే 12 అడవి తేలాయి. సరిదిద్దిన వాటా: 0.2 రెట్లు 0.90, దానికి 0.8 రెట్లు 0.03 కలిపితే 0.204. అంటే 2,04,000 హెక్టార్లు, 95 శాతం నమ్మకంతో సుమారు 15,800 హెక్టార్లు అటూ ఇటూ. గమనించాల్సిందేమిటంటే, ఈ అనిశ్చితిలో ఎక్కువ భాగం ఆ 12 బిందువుల నుంచే వచ్చింది. పెద్ద తరగతిలో దొరికే చిన్న తప్పు అంత బరువు తూగుతుంది. అదనపు బిందువులకు డబ్బుంటే అక్కడే పెట్టాలి. ఆ "అటూ ఇటూ" లేకుండా రెండు దేశాల అంకెలను పక్కపక్కన అచ్చువేస్తే, మర్నాడు పత్రికల్లో ఎవరి అడవి తరిగిందన్న వార్త వస్తుంది, నిజానికి తరిగినా తరగకపోయినా.

చిత్రాలు తెచ్చుకోవడం కాదు, లెక్కను పంపడం

పది పలకల ప్రాంతానికి ఐదు రోజులకో చిత్రం చొప్పున ఏడాదికి 730 చిత్రాలు. లెవెల్-2ఏ రూపంలో ఒక్కోటి దాదాపు 1 జీబీ అనుకుంటే 730 జీబీ. 10 ఎంబీపీఎస్ లైను రాత్రింబవళ్లు ఆగకుండా నడిచినా దింపుకోవడానికి దాదాపు వారం పడుతుంది. మూడు సంస్థలూ అదే డేటాను విడివిడిగా దింపుకుంటే మూడింతలు. అందుకని డేటా ఉన్న చోటికే స్క్రిప్టు (లెక్కల ప్రోగ్రాము) పంపండి, ఆ చోటు గూగుల్ ఎర్త్ ఇంజిన్ వేదిక కావచ్చు, యూరప్ కోపర్నికస్ డేటా స్పేస్ కావచ్చు, ఓపెన్ డేటా క్యూబ్ సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా కట్టుకున్నది కావచ్చు. ఎర్త్ ఇంజిన్ వాణిజ్యేతర పనికే ఉచితమని గుర్తుంచుకోండి, భాగస్వాముల్లో ప్రైవేటు సంస్థ ఉంటే ముందే చూసుకోవాలి. ఒకే వేదిక మీద అన్నీ ఆధారపడకుండా, కీలకమైన మెట్లను పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో కూడా నడిచేలా రాసి పెట్టండి.

మీ ఫలితాలను క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్ అనే రకం ఫైళ్లుగా ఉంచితే, చూసేవారికి కావలసిన ముక్క మాత్రమే దిగుతుంది, నెట్ నెమ్మదిగా ఉన్న భాగస్వామికి ఇదే పెద్ద వరం. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే జాబితాకు స్టాక్ (STAC) ప్రమాణం వాడండి. స్క్రిప్టులు గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే ఉపకరణంలో), అందరికీ ఒకే చోట. మెయిలు జోడింపుల్లో "చివరిది", "నిజంగా చివరిది" అనే పేర్లతో ఫైళ్లు తిరగడం మొదలైతే రెండు నెలల్లో ఏది అసలుదో ఎవరికీ తెలియదు.

వరద వచ్చిన రాత్రి

విపత్తు సమయంలో కొత్త పద్ధతులు కనిపెట్టలేం. 2000 నవంబరు నుంచి పనిచేస్తున్న అంతరిక్షం, మహా విపత్తుల అంతర్జాతీయ చార్టర్ (అంతరిక్ష సంస్థల ఒప్పందం) ద్వారా ఉచితంగా చిత్రాలు కోరవచ్చు, కానీ గుర్తింపు పొందిన సంస్థ ద్వారానే అడగాలి. ఆసియాలో ఇలాంటిదే సెంటినెల్ ఆసియా అనే వేదిక ఉంది. మీ ప్రాంతంలోని ప్రతి దేశానికీ ఆ సంస్థ ఏదో, ఏ నంబరుకు ఫోను చేయాలో ప్రశాంతంగా ఉన్న రోజునే పట్టిక వేసుకోండి. చార్టర్ తక్షణ సహాయానికే, కరువు వంటి నెమ్మది విపత్తులకు అడిగితే ఇవ్వరు.

ముంపు పటానికి రాడార్ చిత్రాలే దిక్కు, వానాకాలపు మబ్బుల కింద వేరేవి కనబడవు. సెంటినెల్-1 అనే రాడార్ ఉపగ్రహంతో ఇవి పాటించండి:

- వరదకు ముందు, తర్వాత తీసుకునే చిత్రాలు ఒకే కక్ష్య నుంచి, ఒకే దిశ నుంచి ఉండాలి. ఒకటి ఆరోహణ (ఉత్తరానికి పోతూ తీసినది), మరొకటి అవరోహణ (దక్షిణానికి పోతూ తీసినది) అయితే కొండ నీడలు నీళ్లుగా కనబడతాయి.
- శాశ్వత జలాల ముసుగు (ఎప్పుడూ నీరుండే చోట్లను పక్కన పెట్టే పొర) అందరికీ ఒకటే ఉండాలి, లేకపోతే ఒకరి చెరువు మరొకరి వరద అవుతుంది.
- నాట్ల ముందు నీళ్లు పెట్టిన వరి మడులు రాడార్ చిత్రంలో వరదలాగే నల్లగా ఉంటాయి. వరి పొరను పక్కన పెట్టుకోండి.
- పట్టణాల్లో గోడల మధ్య నీరు ఉంటే తిరుగు సంకేతం (వెనక్కి వచ్చే రాడార్ తరంగం) తగ్గదు, పెరగవచ్చు. పటం అక్కడ పొడి నేల చూపితే నమ్మకండి, "తేల్చలేం" అనే తరగతి పెట్టండి.
- గాలికి అలలు లేచిన నీరు రాడార్‌కు నేలలా కనిపిస్తుంది.

ఇంకొకటి. ఒక దేశం మీదుగా ఉపగ్రహం మంగళవారం పోయి, పక్క దేశం మీదుగా శనివారం పోవచ్చు. ఈ మధ్యలో వరద దిగిపోతుంది. రెండు ముక్కలూ అతికిస్తే సరిహద్దు దగ్గర నీరు గోడ కట్టినట్టు ఆగిపోతుంది. దీనికి దిద్దుబాటు లేదు, పారదర్శకతే ఉంది: ప్రతి పిక్సెల్ ఏ తేదీదో చూపే పొరను పటంతో పాటే ఇవ్వండి, పటం మూలన పెద్ద అక్షరాలతో తేదీలు వేయండి.

రెండో ఏడు

శిక్షణను వారం రోజుల కార్యశాలగా పెట్టి, అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చి పంపితే మిగిలేది ఫొటోలే. దానికన్నా ఒకరు పక్క సంస్థకు వెళ్లి మూడు వారాలు కూర్చుని, వారి పలకను వారి కంప్యూటరు మీద వర్గీకరించి రావడం మేలు. ఎవరి దేశపు నేల వారికే బాగా తెలుసు, ఆ తెలివిడి తరగతుల నియమాల్లోకి ఎక్కేది ఇలాగే. సామర్థ్యం ఎక్కువున్న సంస్థ అందరి పనీ తానే చేసిపెట్టే అలవాటు పడకుండా చూడండి. పటం త్వరగా వస్తుంది గానీ, మిగతా దేశాలు దాన్ని తమదిగా ఒప్పుకోవు, తమ ప్రభుత్వం ముందు సమర్థించవు.

డబ్బులో జీతాలు, సర్వర్ల తర్వాత మరిచిపోయేవి రెండు: క్షేత్ర పరిశీలన ప్రయాణాలు, ఏటా పటాన్ని నవీకరించే మనిషి సమయం. దాత సంస్థల నిధులు మొదటి పటానికి వస్తాయి, రెండో పటానికి రావు. కాబట్టి రెండో ఏటి ఖర్చును ప్రతి సంస్థా తన మామూలు బడ్జెట్లో చూపగలదా అన్నది మొదటి ఏడే అడగండి. చూపలేకపోతే తరగతులు తగ్గించండి, ప్రాంతాన్ని తగ్గించండి, భరించగలిగే పరిమాణానికి తెచ్చుకోండి.

ఏడాదికోసారి ఒక పరీక్ష పెట్టుకోండి. మొదటి పటం వేయడంలో పాలుపంచుకోని మనిషి, ఖాళీ కంప్యూటరు మీద, రాసిపెట్టిన సూచనలతో మాత్రమే పోయినేటి పటాన్ని తిరిగి వేయాలి. ఎక్కడ ఆగి ఫోను చేస్తారో అక్కడ సూచనల్లో లోపం ఉంది. వచ్చిన పటాన్ని పాతదానితో పిక్సెల్‌కు పిక్సెల్ పోల్చండి. స్క్రిప్టు మార్చకపోయినా తేడా వచ్చిందంటే లోపలికి వెళ్లిన చిత్రాలే మారి ఉంటాయి. సెంటినెల్-2 పాత చిత్రాలను 05.00 బేస్‌లైన్‌తో తిరిగి తయారుచేశారు, తేదీ అదే, పిక్సెల్ విలువలు వేరు. అందువల్ల పటంతో పాటు వాడిన ప్రతి చిత్రపు పూర్తి పేరును, బేస్‌లైన్ సంఖ్యతో సహా, ఒక జాబితాగా భద్రపరచాలి. తేదీ, పలక సంఖ్య మాత్రమే రాసిన జాబితాతో అదే పటాన్ని మళ్లీ వేయలేరు.